రెండు మెథడ్లూ సరిపోతే ఏది పిలవాలి? జావా టెస్టుల్లో ‘యాంబిగ్యుయస్’ ఎర్రర్లపై ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా ఒకే ఎర్రర్ గురించి ఉన్నాయి: ఒకే పేరున్న మెథడ్లలో ఏది పిలవాలో తేలనప్పుడు జావా కంపైలర్ ఇచ్చే ‘యాంబిగ్యుయస్’ (సందిగ్ధం) ఎర్రర్. అందుకే శీర్షిక మొత్తాన్ని దానికే ఇస్తున్నాం. కోడ్‌ను కూడా తెలుగు లిపిలోనే అచ్చు వేస్తున్నాం కాబట్టి ఒక్క గుర్తు పెట్టుకోండి. ‘చిన్న లాంగ్’ అంటే చిన్న అక్షరంతో మొదలయ్యే ప్రిమిటివ్, ‘పెద్ద లాంగ్’ అంటే పెద్ద అక్షరంతో మొదలయ్యే క్లాస్. డబుల్‌కూ అదే పద్ధతి. ఇంట్ ప్రిమిటివ్, ఇంటీజర్ క్లాస్.

ప్రశ్న: మా స్ప్రింగ్ బూట్ ప్రాజెక్టులో టెస్టులకు జేయూనిట్ 4 లైబ్రరీ వాడుతున్నామండి. ‘అసర్ట్‌ఈక్వల్స్(5, ఆర్డర్.గెట్‌ఐడీ())’ అని రాశాను. గెట్‌ఐడీ పెద్ద లాంగ్ ఇస్తుంది. కంపైలర్ ‘రిఫరెన్స్ టు అసర్ట్‌ఈక్వల్స్ ఈజ్ యాంబిగ్యుయస్’ అంటోంది. 5 పక్కన ఎల్ చేర్చి 5ఎల్ అన్నా అదే ఎర్రర్. రెండూ సంఖ్యలే కదా, ఎందుకిలా?

జవాబు: ఎర్రర్‌లో మొదటి లైను చూసి ఆగిపోకండి. అసలు విషయం రెండో లైనులో ఉంది. ‘అసర్ట్‌ఈక్వల్స్(లాంగ్, లాంగ్), అసర్ట్‌ఈక్వల్స్(ఆబ్జెక్ట్, ఆబ్జెక్ట్) రెండూ సరిపోతున్నాయి’ అని అక్కడ పేర్లతో సహా ఉంటుంది. అందులో మొదటిది చిన్న లాంగ్. ఈ రెండింటిలో మీకు ఏది కావాలో చెప్పమని కంపైలర్ అడుగుతోంది.

తనంతట తాను ఎందుకు తేల్చుకోలేదో తెలియాలంటే, జావా ఓవర్‌లోడ్‌ను, అంటే ఒకే పేరుతో వేరు వేరు పరామితులున్న మెథడ్లలో ఒకదాన్ని, ఎలా ఎంచుకుంటుందో చూడాలి. అది మూడు దశల్లో వెతుకుతుంది. మొదటి దశలో బాక్సింగ్ (ప్రిమిటివ్‌ను దాని క్లాసులోకి మార్చడం), అన్‌బాక్సింగ్ (క్లాసు నుంచి తిరిగి ప్రిమిటివ్‌కు మార్చడం) ఏదీ చేయదు. ఇంట్‌ను చిన్న లాంగ్‌గా విస్తరించడం, స్ట్రింగ్‌ను ఆబ్జెక్ట్‌గా చూడటం లాంటివి మాత్రమే ఒప్పుకుంటుంది. అక్కడ ఒక్క మెథడ్ కూడా దొరక్కపోతేనే రెండో దశకు వెళ్తుంది. అందులో బాక్సింగ్, అన్‌బాక్సింగ్ రెండూ చెల్లుతాయి. అక్కడా దొరక్కపోతే మూడో దశలో వేరియబుల్ ఆర్గ్యుమెంట్లున్న (ఎన్ని విలువలైనా తీసుకునే) మెథడ్లను చూస్తుంది. ఏదో ఒక దశలో ఒక్కటి దొరికినా తర్వాతి దశ జోలికి పోదు. బాక్సింగ్ 2004లో జావా 5తో వచ్చింది. అంతకుముందు రాసిన కోడ్ అర్థం మారిపోకూడదనే దాన్ని రెండో దశలో పెట్టారు.

ఇప్పుడు మీ లైను చూద్దాం. మొదటి దశలో (ఆబ్జెక్ట్, ఆబ్జెక్ట్) కుదరదు, ఎందుకంటే 5ను బాక్స్ చేయాలి. (లాంగ్, లాంగ్) కూడా కుదరదు, ఎందుకంటే ఐడీని అన్‌బాక్స్ చేయాలి. రెండో దశకు వచ్చేసరికి రెండూ కుదురుతాయి. అలా ఒకే దశలో ఒకటికి మించి కుదిరినప్పుడు జావా వాటిలో మరింత నిర్దిష్టమైనదాన్ని తీసుకుంటుంది. చిన్న లాంగ్‌కూ ఆబ్జెక్ట్‌కూ మధ్య సబ్‌టైప్ సంబంధమే లేదు కనుక ఏది నిర్దిష్టమో తేలదు. ఎర్రర్ అక్కడ పుడుతోంది. నిజానికి జేయూనిట్ 4లోని (డబుల్, డబుల్) కూడా ఈ దశలో సరిపోతుంది. కానీ చిన్న లాంగ్ చిన్న డబుల్‌కన్నా నిర్దిష్టం కాబట్టి అది పోటీలోంచి తప్పుకుంటుంది.

5ఎల్ అని రాసినా ఫలితం లేకపోవడానికి కారణం కూడా ఇదే. ఒకవైపు ప్రిమిటివ్, ఇంకోవైపు ఆబ్జెక్ట్ ఉన్నంతకాలం మొదటి దశలో ఏదీ దొరకదు. కాబట్టి రెండు వైపులనూ ఒకే జాతికి తేవాలి.

మేం సూచించేది ‘అసర్ట్‌ఈక్వల్స్(లాంగ్.వాల్యూఆఫ్(5), ఆర్డర్.గెట్‌ఐడీ())’. రెండూ ఆబ్జెక్టులే కాబట్టి మొదటి దశలోనే (ఆబ్జెక్ట్, ఆబ్జెక్ట్) ఖాయమవుతుంది. ఐడీ నల్ (విలువే లేకపోవడం) వచ్చినా, ఆశించింది 5, వచ్చింది నల్ అని స్పష్టంగా చెప్పి టెస్ట్ ఫెయిల్ అవుతుంది. రెండో దారి ‘అసర్ట్‌ఈక్వల్స్(5, ఆర్డర్.గెట్‌ఐడీ().లాంగ్‌వాల్యూ())’. ఇది కూడా కంపైల్ అవుతుంది. కాకపోతే ఐడీ నల్ అయిన రోజున నల్‌పాయింటర్ ఎక్సెప్షన్ పడుతుంది. అప్పుడు బిల్డ్ టూల్ అయిన మావెన్ దాన్ని ‘ఫెయిల్యూర్స్’ కింద కాక ‘ఎర్రర్స్’ కింద లెక్కిస్తుంది. డేటాబేస్ ఇచ్చే ఐడీ లాంటి, నల్ అయ్యే అవకాశమున్న విలువలకు మొదటి దారే మంచిది. ‘(పెద్ద లాంగ్) 5’ అని కాస్ట్ చేస్తే మాత్రం కుదరదు. ఇంట్ నేరుగా పెద్ద లాంగ్ కాలేదు, ‘(పెద్ద లాంగ్) 5ఎల్’ అనాలి. ‘న్యూ లాంగ్(5)’ కూడా రాయకండి, ఆ కన్‌స్ట్రక్టర్‌ను జావా 9 నుంచి డిప్రికేట్ చేశారు (ఇక వాడొద్దన్నారు).

ప్రశ్న: ఇదే ఎర్రర్ వస్తే 5 ముందు ‘(ఆబ్జెక్ట్)’ అని కాస్ట్ పెట్టాను. కంపైల్ అయింది గానీ టెస్ట్ ఫెయిల్. ఆశించింది ‘జావా.లాంగ్.ఇంటీజర్<5>’, వచ్చింది ‘జావా.లాంగ్.లాంగ్<5>’ అంటోంది. 5కీ 5కీ తేడా ఏమిటండీ?

జవాబు: విలువలో తేడా లేదు, క్లాసులో ఉంది. మీ కాస్ట్ వల్ల 5 ముందు ఇంటీజర్‌గా మారి, ఆ తర్వాత ఆబ్జెక్ట్ అయింది. (ఆబ్జెక్ట్, ఆబ్జెక్ట్) మెథడ్ లోపల ఈక్వల్స్‌తో పోలుస్తుంది. ఇంటీజర్ క్లాసులోని ఈక్వల్స్ అవతలిది కూడా ఇంటీజర్ అయితేనే ట్రూ ఇస్తుంది. రెండు విలువలూ తెరమీద ఒకేలా ప్రింటవుతాయి కాబట్టే జేయూనిట్ క్లాసు పేరు కూడా కలిపి చూపిస్తోంది. మెసేజ్‌లో క్లాసు పేర్లు కనబడ్డాయంటే టైపు తేడా ఉందన్న మాటే.

ఆబ్జెక్ట్‌కు కాస్ట్ చేయడమన్నది ఎర్రర్‌ను నోరు మూయించే పద్ధతి. మీకు కావలసిన టైపు ఏదో అందులో ఎక్కడా లేదు. 5 స్థానంలో లాంగ్.వాల్యూఆఫ్(5) పెట్టండి, కాస్ట్ తీసేయండి.

ప్రశ్న: జేయూనిట్ 5కు మారితే ఈ బాధ పోతుందని విన్నాం. నిజమేనా? మా దగ్గర పాత టెస్టులు చాలా ఉన్నాయి.

జవాబు: చాలావరకు పోతుంది. 2019లో వచ్చిన 5.4 వెర్షన్‌లో (ఇంట్, ఇంటీజర్), (ఇంటీజర్, ఇంట్), (ఇంటీజర్, ఇంటీజర్) లాంటి మిశ్రమ ఓవర్‌లోడ్లను ఏడు ప్రిమిటివ్ రకాలకు చేర్చారు. అందువల్ల ‘అసర్ట్‌ఈక్వల్స్(5, ఆర్డర్.గెట్‌ఐడీ())’ అక్కడ మారు మాట్లాడకుండా కంపైల్ అవుతుంది. 5 చిన్న లాంగ్‌గా విస్తరిస్తుంది, ఐడీ పెద్ద లాంగ్‌గానే ఉంటుంది, (చిన్న లాంగ్, పెద్ద లాంగ్) మొదటి దశలోనే దొరుకుతుంది.

దీనికి తిరగేసిన సందర్భం మాత్రం జేయూనిట్ 5లోనూ ఆగిపోతుంది. స్ప్రింగ్ డేటాలో ‘రిపాజిటరీ.కౌంట్()’ చిన్న లాంగ్ ఇస్తుంది. మీ రెస్పాన్స్ క్లాసులో గెట్‌టోటల్ ఇంటీజర్ ఇస్తుందనుకోండి. ‘అసర్ట్‌ఈక్వల్స్(రిపాజిటరీ.కౌంట్(), రెస్పాన్స్.గెట్‌టోటల్())’ యాంబిగ్యుయస్ అవుతుంది. ఎందుకంటే ఇంటీజర్ పెద్ద లాంగ్ కాలేదు, మిశ్రమ ఓవర్‌లోడ్ మొదటి దశలో అందదు. రెండో దశలోనేమో ఒకటికి మించి సరిపోతాయి. ‘రెస్పాన్స్.గెట్‌టోటల్().లాంగ్‌వాల్యూ()’ అంటే తేలిపోతుంది.

మీ పాత టెస్టుల విషయంలో ఇంతకన్నా జాగ్రత్తగా చూడాల్సింది మెసేజ్ స్థానం. జేయూనిట్ 4లో మెసేజ్ మొదటి ఆర్గ్యుమెంట్, 5లో చివరిది. ఇంపోర్టులు మాత్రమే మార్చి వదిలేస్తే, మూడూ స్ట్రింగులైన చోట కంపైలర్ ఏమీ అనదు. ‘అసర్ట్‌ఈక్వల్స్("పేరు తప్పు", "రాము", యూజర్.గెట్‌నేమ్())’ అన్నది ఇప్పుడు "పేరు తప్పు"ను "రాము"తో పోలుస్తుంది. ఇది ఫెయిల్ అవుతుంది కాబట్టి కనీసం మీ దృష్టికి వస్తుంది. ‘అసర్ట్‌నాట్‌ఈక్వల్స్’ను అదే వరసలో వదిలేస్తే ఎప్పుడూ పాస్ అవుతుంది, మెసేజూ ఆశించిన విలువా ఎలాగూ వేరు కదా! ‘అసర్ట్‌నాట్‌నల్("పేరు లేదు", యూజర్.గెట్‌నేమ్())’ కూడా అంతే. మెసేజ్ నల్ కాదని తేల్చి ఆకుపచ్చ గుర్తు వేస్తుంది, పేరు నల్ అయినా సరే. మార్పిడి మొదలుపెట్టే ముందే ఈ రెండు మెథడ్ల పేర్లతో ప్రాజెక్టంతా వెతికి, స్ట్రింగ్‌తో మొదలయ్యే ప్రతి పిలుపునూ చేత్తో సరిచేయండి. యాంబిగ్యుయస్ ఎర్రర్ బిల్డ్‌ను ఆపి మరీ చెబుతుంది. ఇవి ఏమీ చెప్పకుండా టెస్టును ఉత్తుత్తిది చేసేస్తాయి.

ప్రశ్న: జేయూనిట్ 4లోనే డబుల్‌తో ఇబ్బంది. ‘అసర్ట్‌ఈక్వల్స్(99.5, బిల్.గెట్‌అమౌంట్())’, అమౌంట్ పెద్ద డబుల్. యాంబిగ్యుయస్ అంటే డబుల్‌వాల్యూ() చేర్చాను. ఇప్పుడు విలువ సరిగ్గా ఉన్నా ఫెయిల్ అవుతోంది.

జవాబు: డబుల్‌వాల్యూ చేర్చడంతో మీ పిలుపు (డబుల్, డబుల్)కు వెళ్లింది. జేయూనిట్ 4లో అది డిప్రికేటెడ్. విలువలను పోల్చకుండానే, డెల్టా (ఎంత తేడాను ఒప్పుకోవచ్చో చెప్పే సంఖ్య) ఉన్న మెథడ్ వాడమని చెప్పి ఎప్పుడూ ఫెయిల్ చేస్తుంది. మూడో ఆర్గ్యుమెంట్‌గా డెల్టా ఇవ్వండి: ‘అసర్ట్‌ఈక్వల్స్(99.5, బిల్.గెట్‌అమౌంట్(), 0.001)’. ఇందులో డబుల్‌వాల్యూ కూడా అక్కర్లేదు. మూడు ఆర్గ్యుమెంట్ల మెథడ్లలో ఈ విలువలకు సరిపోయేది (డబుల్, డబుల్, డబుల్) ఒక్కటే.

ఆ అమౌంట్ డబ్బు లెక్కయితే అసలు డబుల్ వద్దు, బిగ్‌డెసిమల్ వాడండి. దానిలోనూ ఈక్వల్స్‌కు 2.0, 2.00 వేర్వేరు. ‘అసర్ట్‌ఈక్వల్స్(0, ఆశించింది.కంపేర్‌టు(వచ్చింది))’ అని రాయాలి.

ప్రశ్న: టెస్టుల్లో అసలు ఆబ్జెక్టుల బదులు నకిలీవి (మాక్‌లు) పెట్టే మాకిటో లైబ్రరీలో ‘వెరిఫై(సర్వీస్).సెండ్(ఎనీ())’ రాస్తే యాంబిగ్యుయస్ వస్తోంది. సెండ్‌కు స్ట్రింగ్ తీసుకునేది ఒకటి, మెసేజ్ తీసుకునేది ఒకటి ఉన్నాయి. ‘ఎనీ(మెసేజ్.క్లాస్)’ అంటే కంపైల్ అయింది గానీ నల్ పంపిన టెస్టులు ఫెయిల్ అవుతున్నాయి. వేరే సర్వర్లను పిలిచే స్ప్రింగ్ క్లాస్ రెస్ట్‌టెంప్లేట్‌లోని ఎక్స్‌ఛేంజ్‌ను మాక్ చేసేటప్పుడూ ఇదే గొడవ.

జవాబు: ఎనీ() జెనెరిక్ మెథడ్. అది ఏ టైపు అడిగితే ఆ టైపుగా కనిపిస్తుంది. స్ట్రింగ్‌కూ సరిపోతుంది, మెసేజ్‌కూ సరిపోతుంది. ఆ రెండు క్లాసులకూ చుట్టరికం లేదు కనుక కంపైలర్ ఆగుతుంది.

ఎనీ(మెసేజ్.క్లాస్) సరైన మందే. కానీ 2016లో వచ్చిన మాకిటో 2 నుంచి అది టైపును కూడా పరీక్షిస్తుంది కాబట్టి నల్‌ను ఒప్పుకోదు. మాకిటో 1లో ఒప్పుకునేది, పాత సమాధానాలు చూసి రాసేవాళ్లు ఇక్కడే తడబడతారు. ఎనీస్ట్రింగ్() కూడా ఇప్పుడు నల్‌కు సరిపోదు. నల్ కూడా రావచ్చనుకుంటే ‘నల్లబుల్(మెసేజ్.క్లాస్)’ వాడండి. లేదా టైపును ముందే చెప్పి ‘ఆర్గ్యుమెంట్‌మ్యాచర్స్.<మెసేజ్>ఎనీ()’ అనండి. ‘(మెసేజ్) ఎనీ()’ అన్నా పనిచేస్తుంది. పరామితి ప్రిమిటివ్ అయితే మాత్రం ఎనీఇంట్(), ఎనీలాంగ్() వాడాల్సిందే. ఎనీ() నల్ ఇస్తుంది, దాన్ని ఇంట్‌గా అన్‌బాక్స్ చేయబోతే నల్‌పాయింటర్ పడుతుంది.

ఎర్రర్ రాని సందర్భాన్ని కూడా గమనించండి. ఓవర్‌లోడ్లు ఆబ్జెక్ట్, స్ట్రింగ్ అయితే ఎనీ() యాంబిగ్యుయస్ కాదు. స్ట్రింగ్ నిర్దిష్టం కాబట్టి కంపైలర్ అడక్కుండా దాన్నే ఎంచుకుంటుంది. మీ అసలు కోడ్ ఆబ్జెక్ట్ తీసుకునేదాన్ని పిలుస్తుంటే, ‘వాంటెడ్ బట్ నాట్ ఇన్‌వోక్డ్’ అని వస్తుంది. పిలుపు కళ్లెదుటే ఉన్నా పిలవలేదంటుంది.

రెస్ట్‌టెంప్లేట్‌లో ఈ చిక్కు బాగా ముదురుతుంది. ఎక్స్‌ఛేంజ్ మొదటి ఆర్గ్యుమెంట్ యూఆర్ఐ గానీ స్ట్రింగ్ గానీ కావచ్చు. నాలుగోది క్లాస్ గానీ పారామీటరైజ్డ్‌టైప్‌రెఫరెన్స్ గానీ కావచ్చు. నాలుగూ ఎనీ() పెడితే నాలుగో స్థానం దగ్గర ఎర్రర్ వస్తుంది. దాన్ని చూసి చాలామంది నాలుగోదాన్ని ‘ఎనీ(క్లాస్.క్లాస్)’ చేసి, కంపైల్ అయింది కదా అని వదిలేస్తారు. అప్పుడు జరిగేది ఇది. స్ట్రింగ్ తీసుకునే వెర్షన్లు చివర్లో వేరియబుల్ ఆర్గ్యుమెంట్లతోనో, ఐదో ఆర్గ్యుమెంట్‌గా మ్యాప్‌తోనో ఉంటాయి. సరిగ్గా నాలుగు ఆర్గ్యుమెంట్లున్నవి యూఆర్ఐవే. వేరియబుల్ ఆర్గ్యుమెంట్లు మూడో దశలోగానీ రావు కాబట్టి మీ స్టబ్ (మాక్‌కు మీరు చెప్పిపెట్టిన జవాబు) యూఆర్ఐ వెర్షన్‌కు అంటుకుంటుంది. సర్వీస్ కోడ్ స్ట్రింగ్‌తో పిలుస్తుంది, మాక్ నల్ ఇస్తుంది, గెట్‌బాడీ దగ్గర నల్‌పాయింటర్ పడుతుంది. అందుకే మొదటిదీ నాలుగోదీ రెండూ తేల్చి చెప్పాలి: ‘ఎక్స్‌ఛేంజ్(ఎనీస్ట్రింగ్(), ఎనీ(), ఎనీ(), ఎనీ(క్లాస్.క్లాస్))’. మధ్య రెండూ అన్ని వెర్షన్లలో ఒకే టైపు కాబట్టి అక్కడ వట్టి ఎనీ() సరిపోతుంది. జాబితా తెచ్చుకునే కోడ్ అయితే నాలుగోదాన్ని ‘ఎనీ(పారామీటరైజ్డ్‌టైప్‌రెఫరెన్స్.క్లాస్)’ చేయండి.

డేటాబేస్ క్వెరీలు నడిపే స్ప్రింగ్ క్లాస్ జేడీబీసీటెంప్లేట్‌లో ‘క్వెరీ(ఎనీస్ట్రింగ్(), ఎనీ())’ కూడా ఈ జాతిదే. రెండో స్థానంలో రోమ్యాపర్, రిజల్ట్‌సెట్‌ఎక్స్‌ట్రాక్టర్, రోకాల్‌బ్యాక్‌హ్యాండ్లర్ మూడూ కాచుకుని ఉంటాయి. మీ కోడ్‌లో ఏది వాడారో చూసి ‘ఎనీ(రోమ్యాపర్.క్లాస్)’ లాగా రాయండి.

ప్రశ్న: నల్ ఇస్తే ఏమవుతుందో పరీక్షించాలి. ‘న్యూ ఫైల్‌రీడర్(నల్)’ కంపైల్ కావట్లేదు. ‘స్ట్రింగ్.వాల్యూఆఫ్(నల్)’ మాత్రం కంపైల్ అయి, రన్‌టైమ్‌లో నల్‌పాయింటర్ ఇస్తోంది. ఇదేం తేడా?

జవాబు: నల్ ఏ క్లాసుకైనా సరిపోతుంది. ఫైల్‌రీడర్‌కు స్ట్రింగ్, ఫైల్, ఫైల్‌డిస్క్రిప్టర్ తీసుకునే కన్‌స్ట్రక్టర్లు ఉన్నాయి. మూడింటికీ పరస్పరం సంబంధం లేదు, అందుకే ఆగింది. వాల్యూఆఫ్‌లో నల్‌కు సరిపోయేవి ఆబ్జెక్ట్, క్యారెక్టర్ అర్రే రెండు. అర్రే కూడా ఆబ్జెక్టే కాబట్టి అర్రే వెర్షన్ నిర్దిష్టమైంది, నిశ్శబ్దంగా ఎంపికైంది, నల్ అర్రేలోకి తొంగిచూసి పడిపోయింది. ‘ప్రింట్‌ఎల్‌ఎన్(నల్)’ ఇంకో సంగతి. అక్కడ క్యారెక్టర్ అర్రే, ఆబ్జెక్ట్‌తో పాటు స్ట్రింగ్ కూడా ఉంది. స్ట్రింగూ అర్రే పోటీ పడి యాంబిగ్యుయస్ అవుతుంది.

నల్‌కు టైపు తగిలించండి: ‘(స్ట్రింగ్) నల్’. టెస్ట్ చదివేవారికి తేలిగ్గా ఉండాలంటే ‘స్ట్రింగ్ ఫైల్‌పేరు = నల్;’ అని ముందు లైనులో పెట్టి ఆ వేరియబుల్ పంపండి. మాకు ఇదే ఇష్టం, ఏ నల్‌ను పరీక్షిస్తున్నారో పేరే చెబుతుంది. జేయూనిట్ 5 పారామీటరైజ్డ్ టెస్టులో ‘నల్‌సోర్స్’ అనోటేషన్ వాడితే పరామితికి ఎలాగూ టైపు ఉంటుంది, ఈ సమస్యే రాదు. వేరియబుల్ ఆర్గ్యుమెంట్లున్న మెథడ్‌కు వట్టి నల్ పంపితే అది ఒక నల్ ఉన్న అర్రే కాదు, అర్రే మొత్తమే నల్. కంపైలర్ హెచ్చరిక ఇస్తుంది, దాన్ని దాటేయకుండా ‘(ఆబ్జెక్ట్) నల్’ అనో ‘(ఆబ్జెక్ట్[]) నల్’ అనో తేల్చండి.

ప్రశ్న: ‘అసర్ట్‌డజ్‌నాట్‌త్రో(ఫ్యూచర్::గెట్)’ యాంబిగ్యుయస్ అంటోంది. ఈ మెథడ్ రెఫరెన్స్‌నే లామ్డాగా, అంటే ‘() ->’ రూపంలో, రాస్తే పోతోంది. రెండూ ఒకటే కదా?

జవాబు: పని ఒకటే, కంపైలర్‌కు అందే సమాచారం వేరు. ఈ అసర్ట్‌కు రెండు రూపాలున్నాయి. ఎగ్జిక్యూటబుల్ తీసుకునేదానికి ఫలితం అక్కర్లేదు. త్రోయింగ్‌సప్లయర్ తీసుకునేదానికి ఫలితం కావాలి. ఫ్యూచర్‌లో గెట్() ఒకటి, టైమవుట్‌తో గెట్(లాంగ్, టైమ్‌యూనిట్) ఇంకొకటి. పేరు ఓవర్‌లోడ్ అయితే ఆ మెథడ్ రెఫరెన్స్‌ను, ఓవర్‌లోడ్ ఎంపిక జరిగేటప్పుడు కంపైలర్ లోతుగా చూడదు. ఫలితం ఉందో లేదో తెలియదు కాబట్టి రెండు రూపాలూ మిగిలిపోతాయి. ‘() -> ఫ్యూచర్.గెట్()’ అంటే ఏ గెట్ అన్నది కనబడుతుంది, ఫలితం ఇచ్చే రూపాన్ని ఎంచుకుంటుంది. ‘అసర్ట్‌టైమవుట్’కు కూడా ఇవే రెండు రూపాలు, ఇదే మందు.

అప్పటిదాకా బాగా నడిచిన టెస్ట్ ఒక రోజు ఇలా విరగవచ్చు. మీ సర్వీస్‌లో ప్రాసెస్ అనే మెథడ్ ఒక్కటే ఉన్నప్పుడు ‘సర్వీస్::ప్రాసెస్’ కంపైల్ అవుతుంది. ఎవరో ఇంకో ప్రాసెస్ చేర్చిన రోజున, టెస్ట్ ఫైలును ఎవరూ ముట్టుకోకపోయినా ఆగిపోతుంది. జేయూనిట్ వాళ్లకూ ఇది తగిలింది. 2018లో 5.3.0లో ‘అసర్ట్‌త్రోస్’కు త్రోయింగ్‌సప్లయర్ రూపం చేర్చారు. దానివల్ల అంతకుముందు కంపైలయ్యే మెథడ్ రెఫరెన్సులు ఆగిపోయాయి, 5.3.1లో దాన్ని తీసేశారు.

లామ్డా అయినా పరామితి ఉంటే దాని టైపు రాయండి. జేడీబీసీటెంప్లేట్‌లో ‘క్వెరీ(ఎస్‌క్యూఎల్, ఆర్‌ఎస్ -> ఆర్‌ఎస్.నెక్స్ట్())’ యాంబిగ్యుయస్. ‘(రిజల్ట్‌సెట్ ఆర్‌ఎస్) -> ఆర్‌ఎస్.నెక్స్ట్()’ అంటే కంపైల్ అవుతుంది.

ప్రశ్న: ‘ఎనీ(స్ట్రింగ్.క్లాస్)’ అని టైపు చెప్పాక కూడా యాంబిగ్యుయస్. ఇంకేం చెప్పాలి?

జవాబు: ఫైలు పైన ఇంపోర్టులు చూడండి. హామ్‌క్రెస్ట్ (ఇంకో టెస్ట్ లైబ్రరీ) మ్యాచర్స్, మాకిటో ఆర్గ్యుమెంట్‌మ్యాచర్స్ రెండింటినీ నక్షత్రం గుర్తుతో స్టాటిక్ ఇంపోర్ట్ చేసి ఉంటారు. ఎనీ, ఈజ్‌ఏ, స్టార్ట్స్‌విత్ లాంటి పేర్లు రెండింటిలోనూ ఉన్నాయి. ఎర్రర్ రెండో లైనులో రెండు వేర్వేరు క్లాసుల పేర్లు కనిపిస్తే జబ్బు ఇంపోర్టుల్లో ఉన్నట్టే. జేయూనిట్ 4 ‘అసర్ట్’, జేయూనిట్ 5 ‘అసర్షన్స్’ కలిసిన ఫైళ్లలోనూ ఇదే జరుగుతుంది.

కావలసిన మెథడ్‌ను పేరుతో ఇంపోర్ట్ చేయండి. పేరుతో చేసిన ఇంపోర్ట్ నక్షత్రంతో వచ్చినదాన్ని కప్పేస్తుంది. రెండు లైబ్రరీలవీ పేరుతోనే ఇంపోర్ట్ చేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. రెండూ కావలసిన ఫైలులో ఒకదాన్ని ‘ఆర్గ్యుమెంట్‌మ్యాచర్స్.ఎనీ’ అని క్లాసు పేరుతోనే పిలవండి.

ప్రశ్న: టెస్టుల్లో విలువలు సరిచూసే అసర్ట్‌జే లైబ్రరీ వాడుతున్నాం. ‘అసర్ట్‌దట్(కాంటెక్స్ట్.గెట్("ధర"))’ యాంబిగ్యుయస్. ఆ గెట్ జెనెరిక్, టీ టైపు ఇస్తుంది.

జవాబు: అసర్ట్‌దట్‌కు చాలా ఓవర్‌లోడ్లున్నాయి. ఫలితం ‘ఏ టైపైనా కావచ్చు’ అని ఉంటే ఎన్నో సరిపోతాయి. ఫలితాన్ని ముందు లైనులో ‘ఇంటీజర్ ధర = కాంటెక్స్ట్.గెట్("ధర");’ అని పట్టుకుని అసర్ట్‌దట్(ధర) అనండి. ఒకే లైనులో కావాలంటే ‘కాంటెక్స్ట్.<ఇంటీజర్>గెట్("ధర")’. మీ సొంత క్లాసు కంపేరబుల్, ఇటరబుల్ రెండూ అయినప్పుడు కూడా ఇది వస్తుంది. అప్పుడు అసర్ట్‌దట్‌కంపేరబుల్, అసర్ట్‌దట్‌ఇటరబుల్, అసర్ట్‌దట్‌ఆబ్జెక్ట్ అనే వేరు పేర్లు ఉన్నాయి.

ప్రశ్న: నేను కోడ్ రాసే ఎక్లిప్స్ ఎడిటర్‌లో ఎర్రర్ లేదు, బిల్డ్ సర్వర్‌లో యాంబిగ్యుయస్ వస్తోంది. అత్యవసరంగా స్కిప్‌టెస్ట్స్ పెట్టి డిప్లాయ్ చేద్దామన్నా అదే ఎర్రర్‌తో ఆగుతోంది.

జవాబు: ఎక్లిప్స్‌కు సొంత కంపైలర్ ఉంది, మావెన్ మామూలుగా జేడీకేలోని జావాసీని వాడుతుంది. వీఎస్ కోడ్‌లో రెడ్ హ్యాట్ జావా ఎక్స్‌టెన్షన్ కూడా ఎక్లిప్స్ కంపైలర్ మీదే నడుస్తుంది. జెనెరిక్స్, లామ్డాలు కలిసిన చోట ఈ రెండు కంపైలర్లూ అప్పుడప్పుడు వేర్వేరు తీర్పులిస్తాయి. బిల్డ్ సర్వర్ మాటే చెల్లుతుంది కాబట్టి కోడ్ పంపే ముందు మీ యంత్రంలో ‘ఎంవీఎన్ టెస్ట్-కంపైల్’ నడపండి, గ్రాడిల్ అయితే ‘గ్రాడిల్ టెస్ట్‌క్లాసెస్’. టెస్టులు నడవవు, కంపైల్ మాత్రమే అవుతాయి. జేడీకే వెర్షన్ రెండు చోట్లా ఒకటేనా అన్నది కూడా సరిచూసుకోండి.

స్కిప్‌టెస్ట్స్ టెస్టులను నడపడం మాత్రమే ఆపుతుంది, కంపైల్ చేయడం ఆపదు. కంపైల్ కూడా ఆగాలంటే ‘మావెన్.టెస్ట్.స్కిప్=ట్రూ’ ఇవ్వాలి. అలా చేస్తే ఆ బిల్డ్‌లో టెస్ట్ జార్ తయారు కాదు, దానిమీద ఆధారపడిన మాడ్యూళ్లు ఉంటే అవి విరుగుతాయి. ఒక టెస్ట్ ఫైలులోని ఒక్క యాంబిగ్యుయస్ లైను ఆ మాడ్యూల్‌లోని టెస్టులన్నిటినీ ఆపేస్తుందని గుర్తుంచుకోండి. ఎర్రర్‌లో ఫైలు పేరు, లైను నంబరు ఉన్నాయి. ఆ ఒక్క లైనులో టైపు రాయడానికి పట్టే సమయం, స్కిప్ చేసే మార్గాలు వెతకడానికి పట్టే సమయం కన్నా తక్కువే.